వెస్టన్ బడిలో చెవిన పడిన పుస్తకం

వైద్య కళాశాలలో చదివినవాళ్లకి విలియం ఓస్లర్ పేరు పరీక్షలో అడిగే ఒక లక్షణంగా పరిచయమవుతుంది. గుండె కవాటాలకి సూక్ష్మజీవులు పట్టిన రోగికి వేళ్ల కొసల్లో చిన్న గడ్డలు లేస్తాయి. తాకితే నొప్పి పెడతాయి. వాటికి ఓస్లర్ పేరు పెట్టారు. ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు రాసి బయటపడిన తరవాత చాలామందిమి ఆయన్ని మరిచిపోతాం. ఆయన తన కాలపు గొప్ప గ్రంథప్రియుల్లో ఒకడని, దాదాపు ఎనిమిది వేల సంపుటాలను మాంట్రియాల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడని, ఆయన చితాభస్మాన్ని ఆ పుస్తకాల మధ్యనే గోడలో భద్రపరిచారని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

ఆ ఎనిమిది వేలలో ఖరీదైనవి, అరుదైనవి చాలానే ఉన్నాయి. ఆయనకి ప్రాణప్రదమైనది మాత్రం అలాంటిది కాదు. 1862లో అమెరికాలోని బోస్టన్‌లో అచ్చయిన ఒక మామూలు ప్రతి. ఇంగ్లండు వైద్యుడు థామస్ బ్రౌన్ పదిహేడో శతాబ్దంలో రాసిన ‘రెలిజియో మెడిసి’, అంటే ‘ఒక వైద్యుడి మతం’. ఓస్లర్ దాన్ని 1867లో, పద్ధెనిమిదేళ్లకి అటూ ఇటూగా ఉన్న వయసులో, టొరంటోలో కొన్నాడు. కెనడా ఒక దేశంగా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 1919 డిసెంబర్ 29న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన కన్నుమూసినప్పుడు శవపేటిక మీద ఆ ప్రతినే ఉంచారు. కుర్రతనంలో కొన్న చిన్న పుస్తకం ఒక మనిషి వెంట యాభై రెండేళ్లు నడవడానికి కారణం ఏమిటన్నది ఈ వ్యాసంలో నేను వెతికిన విషయం. దీనికి నాకు దారి చూపినవి రెండు జీవిత చరిత్రలు. ఒకటి, శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ 1925లో రెండు సంపుటాలుగా వెలువరించి పులిట్జర్ బహుమతి పొందినది. రెండోది, టొరంటో చరిత్రకారుడు మైకెల్ బ్లిస్ 1999లో రాసినది. మొదటిది భక్తితోనూ రెండోది వివేచనతోనూ నడుస్తాయి. రెండూ చదవవలసినవే.

ఓస్లర్ 1849 జులై 12న టొరంటోకి ఉత్తరాన ఉన్న బాండ్ హెడ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఫెదర్‌స్టన్ ఓస్లర్ నౌకాదళంలో పనిచేసి, ఆపైన మతగురువై, 1837లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి ఈ అడవి ప్రాంతానికి వచ్చాడు. తొమ్మిదిమంది సంతానంలో విలియం ఎనిమిదోవాడు, మగపిల్లల్లో కడపటివాడు. 1857లో కుటుంబం డండాస్ అనే ఊరికి మారింది. అక్కడి బడిలో ఈ పిల్లవాడు సంపాదించుకున్న కీర్తి చదువు వల్ల వచ్చింది కాదు. తరగతి గదిలోకి బాతుల మందను తోలిన ఘనత, బల్లల మరలు ఊడదీసి వాటిని అటక ఎక్కించిన ఘనత అతని జట్టుకే దక్కుతాయి. చివరికి తాళం కన్నంలోంచి ఉపాధ్యాయుణ్ణి తిట్టినందుకు 1864లో బడి నుంచి వెళ్లగొట్టారు. తరవాత చేరిన బ్యారీ ఊరి బడిలోనూ ఆకతాయిల జట్టులో ముందువరసలోనే నిలిచాడు.

1866 జనవరిలో వెస్టన్‌లోని ట్రినిటీ కాలేజ్ స్కూలుకి వచ్చేనాటికి అతనికి పదహారేళ్లు. వెస్టన్ ఇప్పుడు టొరంటో నగరంలో కలిసిపోయింది. ఆనాటికది హంబర్ నది ఒడ్డున ఒక విడి ఊరు. బడి మొదలై అప్పటికి ఏడాది కూడా కాలేదు. దాన్ని స్థాపించినవాడు ఆ ఊరి మతగురువు విలియం ఆర్థర్ జాన్సన్. పెద్ద విద్యార్థులకి సాయంత్రాల్లో చిత్రలేఖనం, సంగీతం, నాట్యం కూడా నేర్పుతామని బడి ప్రకటన పత్రంలో ఉంది. ఆ మాటే తనని ఆకర్షించిందని ఓస్లర్ తరవాత నవ్వుతూ చెప్పుకున్నాడు. వచ్చిన మూడు నెలలకే మరో ఘనకార్యం జరిగింది. తమకి కిట్టని వసతిగృహ పర్యవేక్షకురాలిని పిల్లలు గదిలో పెట్టి మూసి, మిరియాలు, ఆవాలు, బెల్లపు పాకం కాల్చి పొగ పెట్టారు. ఆమె న్యాయస్థానానికెక్కింది. కుర్రాళ్లు కొద్దిరోజులు టొరంటో చెరసాలలో ఉన్నారు. వాళ్ల తరఫున వాదించినవాడు ఓస్లర్ అన్నగారే. తలా ఒక డాలరు జరిమానాతో బయటపడ్డారు.

పఠనాసక్తి గురించి మనం చెప్పుకునే కథల్లో సాధారణంగా బుద్ధిమంతుడైన, ఏకాంతప్రియుడైన, కాస్త రోగిష్ఠి పిల్లవాడు కనిపిస్తాడు. మిగతావాళ్లు ఆడుకుంటూంటే అతను కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఓస్లర్ అందుకు పూర్తిగా విరుద్ధం. ఆటల్లో దిట్ట, అల్లరికి నాయకుడు, చెరసాల చూసి వచ్చినవాడు. ఇతని చేతికి పుస్తకం అందించడం ఏ ఉపాధ్యాయుడికైనా కష్టమైన పనే. జాన్సన్ ఆ పని చెయ్యలేదు. అతను తనకోసం తాను చదువుకునేదాన్ని పిల్లలకి వినిపించాడు.

జాన్సన్ మతగురువే గాని అతని ఇంటినిండా శిలాజాలు, ఎండబెట్టిన మొక్కలు, సూక్ష్మదర్శినిలో పెట్టే గాజు పలకలు. శనివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువుల వెంట, గుట్టల వెంట తిరిగేవాడు. నీటిలోని ఏకకణజీవుల్ని, పాచిని పట్టి తెచ్చి చూపించేవాడు. అతనికి థామస్ బ్రౌన్ రచనలంటే ఎనలేని ప్రేమ. ఇంగ్లీషు వాక్యం ఎంత అందంగా ఉండగలదో చూపడానికి ‘రెలిజియో మెడిసి’ నుంచి ముక్కలు చదివి వినిపించేవాడు. పిల్లల ఉత్సాహం తగ్గినప్పుడు బ్రౌన్ చేసిన చమత్కారాలు చెప్పేవాడు. బొడ్డు లేని మనిషి ఎవరు? ఆదాము. తల్లి కడుపున పుట్టలేదు కనుక అతనికి బొడ్డు ఉండే అవకాశం లేదు. ఓస్లర్ నడివయసులో ఈ రోజుల్ని తలుచుకున్నప్పుడు ప్రత్యేకంగా పేర్కొన్నది ఈ బొడ్డులేని మనిషినే.

మన చాటుపద్యాల సంప్రదాయం తెలిసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తది కాదు. పొడుపుకథ విప్పడంలోని సంతోషం కోసం దగ్గరికి వచ్చిన కుర్రవాడు, మెల్లమెల్లగా పద్యం నడకలోని సంతోషానికి అలవాటు పడతాడు. బాతుల్ని తరగతిలోకి తోలిన బుర్రకి ఆదాము బొడ్డు గురించి ఆలోచించిన రెండువందల ఏళ్లనాటి మనిషి తనవాడిగా అనిపించడంలో వింత లేదు. పుస్తకంలో ఉన్నది ఉపదేశం మాత్రమే కాదని, అక్కడ తనలాంటి కొంటెవాడు కూడా ఒకడున్నాడని తెలిసిన క్షణం అది.

కాని చమత్కారం మనిషిని గడప దాకా మాత్రమే తీసుకొస్తుంది. లోపలికి రప్పించినది ఆ పుస్తకం ఎత్తుకున్న ప్రశ్న. బ్రౌన్ దాన్ని రాసినప్పుడు ముప్ఫై ఏళ్లవాడు. మాంపెల్యే, పాడువా, లైడెన్‌లలో వైద్యం చదివి వచ్చాడు. ముగ్గురు వైద్యులు కలిస్తే అందులో ఇద్దరు నాస్తికులు అనే సామెత వాడుకలో ఉన్న కాలం. దేహాన్ని కోసి చూసినవాడికి దేవుడి మీద నమ్మకం నిలుస్తుందా? నిలిస్తే, వేరే విధంగా నమ్మేవాళ్ల పట్ల అతను ఎలా నడుచుకోవాలి? బ్రౌన్ ఈ సంగతుల్ని తనలో తాను తర్కించుకుంటూ రాసుకున్నాడు. ఆ రాతప్రతి చేతులు మారి 1642లో అతని అనుమతి లేకుండా అచ్చయింది. మరుసటి ఏడు అతనే సరిచేసి ప్రకటించాడు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో మతం పేరిట మనుషులు చంపుకుంటున్న సమయంలో వెలువడిన, నిదానమైన, సహనం నిండిన గొంతు అది.

ఇప్పుడు 1867నాటి ఓస్లర్‌ని చూడండి. తండ్రి మతగురువు. తానూ మతగురువు కావాలని నిశ్చయించుకుని టొరంటోలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. అయితే మనసంతా సూక్ష్మదర్శిని కింద కదిలే జీవుల మీద ఉంది. తనని తీర్చిదిద్దుతున్న జాన్సన్ మతగురువై ఉండి విజ్ఞానశాస్త్రం వెంట తిరిగేవాడు. బడికి వైద్య పర్యవేక్షకుడైన జేమ్స్ బోవెల్ వైద్యుడై ఉండి మతశాస్త్రం వెంట తిరిగేవాడు. తరవాత వైద్యం వదిలి నిజంగానే మతగురువయ్యాడు కూడా. వీళ్లిద్దరి నడుమ నిలబడి, ఇంటివాళ్లతో గాని తనతో గాని ఇంకా పైకి చెప్పుకోలేని సందిగ్ధంలో ఉన్న కుర్రవాడికి, సరిగ్గా ఆ రెండు దారుల కూడలిలో కూర్చుని రాసిన మనిషి దొరికాడు. కౌమారంలో ఒక పుస్తకం మనల్ని పట్టుకోవడానికి దాని గొప్పతనం ఒక్కటే చాలదు. మనం అడగలేకపోతున్న ప్రశ్నను అది మనకంటె ముందే అడిగి ఉండాలి. అలాంటి పుస్తకం ఏదో బయటివాళ్లు ముందుగా చెప్పడం దాదాపు అసాధ్యం. జాన్సన్‌కైనా తాను చదువుతున్నది ఎవరి ప్రశ్నకి జవాబో తెలిసి ఉండదు.

ఆ ఏడాది ఓస్లర్ తన సొంత డబ్బుతో కొన్న మొదటి పుస్తకం ఒక్క సంపుటంలో దొరికే షేక్స్‌పియర్. దాన్ని ఎవరో దొంగిలించారు. రెండోది ‘రెలిజియో మెడిసి’. 1868లో మతశాస్త్రం విడిచి వైద్యవిద్యలో చేరాడు. బోవెల్ తన ఇంటిని, ఇంటితోపాటు గ్రంథాలయాన్ని ఈ విద్యార్థికి తెరిచి ఉంచాడు. 1869లో, పందొమ్మిదేళ్ల వయసులో, సూక్ష్మదర్శినితో తాను చూసిన సంగతుల గురించి ఓస్లర్ రాసిన చిన్న వ్యాసం ఇంగ్లండులోని ఒక విజ్ఞాన పత్రికలో అచ్చయింది. ఆ తరవాతి ఏడు బోవెల్ సలహా మీద మాంట్రియాల్ వెళ్లి, 1872లో మెగిల్ నుంచి వైద్యపట్టా పుచ్చుకున్నాడు. ఏమీ తోచక కలం పట్టుకుని కూర్చున్నప్పుడల్లా, దగ్గరున్న కాగితం మీద జేమ్స్ బోవెల్ అని రాసే అలవాటు ఆయనకి జీవితాంతం పోలేదని కుషింగ్ రాశాడు.

1892లో ఓస్లర్ వైద్యశాస్త్రం మీద వెయ్యి పేజీలు మించిన పాఠ్యగ్రంథం వెలువరించాడు. అప్పటికాయన అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆచార్యుడు. గ్రంథాన్ని ముగ్గురు గురువుల స్మృతికి అంకితమిచ్చాడు. ఒకరు మెగిల్ ఆచార్యుడు పామర్ హోవర్డ్. ఒకరు బోవెల్. అందరికంటె ముందున్న పేరు వెస్టన్ మతగురువు జాన్సన్‌ది. కలరా, క్షయ, న్యుమోనియాల గురించిన పుస్తకం ఒక పల్లెటూరి పురోహితుడి పేరుతో మొదలవుతుంది.

చదువరితనం ఆ పుస్తకం వాక్యాల్లోకి కూడా ఇంకింది. అందుకు ఒక సాక్ష్యముంది. ఫ్రెడరిక్ గేట్స్ వైద్యుడు కాడు. అతను మతప్రచారకుడు, కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌కి దానధర్మాల విషయంలో సలహాదారు. 1897 వేసవి సెలవుల్లో అతను ఈ వైద్యగ్రంథాన్ని తెచ్చుకుని, ఆసక్తి వదలక చివరిదాకా చదివాడు. చాలా జబ్బులకి వైద్యులవద్ద మందు లేదని ఓస్లర్ దాచకుండా రాయడం అతన్ని కదిలించింది. వైద్య పరిశోధనకి ఒక సంస్థ పెట్టమని రాక్‌ఫెల్లర్‌ని ఒప్పించాడు. 1901లో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. ఒక పాఠ్యపుస్తకాన్ని వైద్యుడు కానివాడు చదవగలగడం వల్ల ఇంత పని జరిగింది.

పెద్దవాడయ్యాక ఓస్లర్ తానూ పుస్తకాలు చెప్పేవాడయ్యాడు. వైద్యవిద్యార్థులు నిద్రపోయే ముందు రోజూ అరగంట చదువుకోవాలంటూ పది పుస్తకాల పట్టిక ఇచ్చాడు. బైబిలు, షేక్స్‌పియర్, మోంతేన్, ప్లూటార్క్, మార్కస్ ఆరేలియస్, ఎపిక్టెటస్, డాన్ కిహోటే, ఎమర్సన్, ఆలివర్ వెండెల్ హోమ్స్, వాళ్లతోపాటు బ్రౌన్. ఈ పట్టిక ఇప్పటికీ వైద్య కళాశాలల స్నాతకోత్సవ ఉపన్యాసాల్లో వినిపిస్తూంటుంది. నాకు మాత్రం దానికంటె ఆయన చేసిన మరో పని విలువైనదిగా తోస్తుంది. బాల్టిమోర్‌లో పక్కింట్లో కొందరు యువవైద్యులు ఉండేవాళ్లు. కుషింగ్ వాళ్లలో ఒకడు. ఓస్లర్ వాళ్లకి తన ఇంటి వీధి తలుపు తాళంచెవులు ఇచ్చేశాడు. వేళాపాళా లేకుండా వచ్చి పుస్తకాల గదిలో కూర్చోవచ్చు. ఆ గదిలో ఆయన చదువుకుంటూ కనబడేవాడు. బోవెల్ ఇంట్లో తనకి దొరికినదాన్నే ఆయన అలా తిరిగి పంచిపెట్టాడు.

ఇంట్లో మాత్రం ఆ తాళంచెవి ఆలస్యంగా తిరిగింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు రెవెరె 1895 డిసెంబర్‌లో పుట్టాడు. 1905లో తండ్రికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యపదవి రావడంతో ఇంగ్లండులో పెరిగాడు. చదువులో వెనకబడినవాడు. చేపలు పట్టడం, బొమ్మలు గీయడం, చేతిపనులు చెయ్యడం అతని లోకం. ప్రపంచ వైద్యులంతా గురువుగా కొలిచే మనిషి ఇంట్లో, వేలకొద్దీ పుస్తకాల నడుమ, పుస్తకం పట్టని కొడుకు. తండ్రికి బెంగ లేకపోలేదు. కాని కుర్రవాడికి ఇరవయ్యో ఏడు సమీపిస్తున్న రోజుల్లో తలుపు దానంతటదే తెరుచుకుంది. చేపల వేట మీద ఐజాక్ వాల్టన్ పదిహేడో శతాబ్దంలో రాసిన పుస్తకం అతన్ని పట్టుకుంది. వాల్టన్ నుంచి ఆ కాలపు ఇతర కవులకీ రచయితలకీ పాకాడు. తనకంటూ పుస్తకాలు కొనుక్కోసాగాడు. తండ్రిని బొడ్డులేని మనిషి రప్పిస్తే కొడుకుని చేప రప్పించింది.

అప్పటికే యుద్ధం వచ్చిపడింది. రెవెరె మొదట మెగిల్ వారి సైనిక ఆసుపత్రి దళంలో పనిచేసి, ఆపైన ఫిరంగి దళంలో చేరాడు. 1917 ఆగస్టులో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర గుండు దెబ్బ తగిలింది. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన వైద్యుల్లో కుషింగ్ కూడా ఉన్నాడు. ఆగస్టు 30న రెవెరె మరణించాడు. ఇరవై ఒక్క ఏళ్లు. ఓస్లర్ దంపతులు అతని పుస్తకాలను జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. అతని పేరిట అక్కడ ఒక సాహిత్య సంఘానికి నిధి సమకూర్చారు. అతని పఠనజీవితం మొత్తం కలిపి నాలుగైదేళ్లకి మించదు. అంత తక్కువ కాలమైనా దాన్ని స్మరించుకోదగిన విషయంగా ఆ తల్లిదండ్రులు భావించారు. కొడుకు పోయాక రెండేళ్లకే ఓస్లర్ పోయాడు.

ఈ కథ మరీ చక్కగా కుదిరిందన్న అనుమానం పాఠకులకి రావచ్చు. నాకూ వచ్చింది. గొప్పవాళ్లు వెనక్కి తిరిగి చూసుకుని తమ బాల్యానికి ఒక క్రమం కల్పించుకోవడం మామూలే. కుషింగ్ వంటి శిష్యులు దానికి మెరుగు పెడతారు. బొడ్డు ముచ్చట ఓస్లర్ నడివయసు దాటాక చెప్పినదే. అయినా జ్ఞాపకంతో పని లేకుండా నిలిచే ఆధారాలు కొన్ని ఉన్నాయి. 1867లో కొన్న ప్రతి ఉంది. 1892 నాటి అంకితం ఉంది. బ్రౌన్ పుస్తకాల ముద్రణల్ని ఆయన ఏళ్ల తరబడి పోగుచేసిన సంగతి ఉంది. బ్రౌన్ పుర్రెను నారిచ్ ఆసుపత్రి ప్రదర్శనశాలలో ఉంచారని తెలిసి, దాన్ని మర్యాదగా భద్రపరచడానికి ఓస్లర్ ఒక పేటిక చేయించి ఇచ్చాడు. ఇవన్నీ చేసినవాడి ప్రేమను శంకించడం కష్టం.

ఇదంతా చదువుతూంటే నాకు బందరు గుర్తొచ్చింది. అక్కడ తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి దగ్గర విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటివారు చదువుకున్నారు. శాస్త్రిగారు అవధాని. పద్యం ఆయనకి గొంతులో ఉండేది. విద్యార్థులు దాన్ని ముందు విన్నారు, తరవాతే చదివారు. ఆ రోజుల్లోనే, 1914లో, బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగి ఊరూరా పుస్తకశాలలు పెట్టే ఉద్యమం ఊపందుకుంది. పుస్తకాన్ని అందుబాటులోకి తెచ్చేది గ్రంథాలయం. దాని మీద ఆశ పుట్టించేది దాన్ని ప్రేమించే మనిషి గొంతు. ఆ తరం తెలుగువాళ్లకి రెండూ ఒకేసారి దొరకడం అదృష్టం.

ఇక్కడ కెనడాలో మన పిల్లలకి మొదటిదానికి లోటు లేదు. పేట పేటకీ ఉచిత గ్రంథాలయం ఉంది. అందులో కౌమార వయస్కుల కోసం విడిగా అలమారాలు ఉన్నాయి. తల్లిదండ్రులం కలుసుకున్నప్పుడు మాత్రం పిల్లలు చదవడం లేదనే మాటే వినబడుతుంది. వెంటనే ఎవరో ఒక పట్టిక పంపుతారు. వైద్యవిద్యకి వెళ్లదలచిన పిల్లవాడు చదవవలసిన పుస్తకాల పట్టికలు కూడా ఇప్పుడు తిరుగుతున్నాయి. వాటిలో ఓస్లర్ పట్టిక కూడా ఉండవచ్చు. తన పదహారో ఏట అలాంటి పట్టిక చేతికిస్తే ఓస్లర్ దాన్ని ఏం చేసి ఉండేవాడో ఊహించడం కష్టం కాదు. అతనికి దొరికినది పట్టిక కాదు. తనకి నచ్చిన పేజీ దగ్గర ఆగి, ఇది వినండర్రా అని పిలిచిన ఒక పెద్దమనిషి దొరికాడు. ఆ పెద్దమనిషికి పిల్లల్ని చదువరులుగా మార్చాలన్న ఆరాటం కంటె, బాగున్నదాన్ని ఒంటరిగా అనుభవించలేని తొందర ఎక్కువ.

మన ఇళ్లలో కావలసినది ఆ తొందరేనని నా నమ్మకం. భోజనాల దగ్గర శ్రీపాద కథలోంచి ఒక సంభాషణ పైకి చదివి నవ్వుకోవడానికి పిల్లల అనుమతి అక్కర్లేదు. వాళ్లకి తెలుగు అంతంతమాత్రమే అయినా, నాన్న ఎందుకు నవ్వాడన్న ప్రశ్న వాళ్లని వెంటాడుతుంది. వాళ్లు చివరికి చదివేది మరో భాషలో, మనకి తెలియని రచయితని కావచ్చు. జాన్సన్ వినిపించినది వాక్యసౌందర్యం కోసమైతే, ఓస్లర్ తీసుకున్నది తన సందిగ్ధానికి తోడుని. ఇచ్చినవాడు ఒకటి ఇస్తే పుచ్చుకున్నవాడు మరొకటి పుచ్చుకున్నాడు.

జాన్సన్ 1880 డిసెంబర్ 29న మరణించాడు. తన పేరుతో మొదలయ్యే వైద్యగ్రంథాన్ని అతను చూడలేదు. వెస్టన్ గదిలో ఆ వాక్యాలు విన్న మిగతా కుర్రాళ్లలో ఎంతమంది ఆ సాయంత్రమే వాటిని మరిచిపోయారో లెక్క లేదు. 1929 మే నెలలో మెగిల్‌లో ఓస్లర్ గ్రంథాలయం తెరుచుకుంది. వైద్యచరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాంట్రియాల్ వెళ్లినప్పుడు చూడదగిన చోటు అది. చితాభస్మం ఉన్న గోడ దగ్గరే బ్రౌన్ పుస్తకాలు కూడా ఉంటాయి.